వైరల్ న్యుమోనియా అనుమానం: ఈ రక్తపరీక్షల రిపోర్టులో ఏ అంకెను నమ్మాలి?

వార్డ్‌డ్యూటీ:

నమస్కారం. 58 ఏళ్ల పురుషుడు. షుగర్ ఉంది, మాత్రలతో అదుపులో ఉంది. జ్వరం, పొడిదగ్గు, ఒళ్లునొప్పులు మొదలై ఇవాళ్టికి ఆరో రోజు. ఆక్సిజన్ పెట్టకుండా శాచురేషన్ 93, శ్వాస నిమిషానికి 24, బీపీ 124/78, స్పృహ బాగుంది. ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తుల కింది భాగాల్లో, అంచుల వెంబడి మసకలు. కోవిడ్ ర్యాపిడ్ యాంటిజెన్ నెగెటివ్. వార్డుకు రాకముందే, నిన్న సాయంత్రం బయట డెక్సామెథసోన్ (స్టెరాయిడ్) 8 మి.గ్రా. ఇంజెక్షన్ ఒకటి పడింది.

ఈ ఉదయం రిపోర్టు ఇది:

తెల్లకణాలు 6,200, న్యూట్రోఫిల్స్ 86 శాతం, లింఫోసైట్స్ 9 శాతం, మోనోసైట్స్ 5 శాతం, ఇసినోఫిల్స్ సున్నా. ప్లేట్‌లెట్లు 1,48,000.
సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపే ప్రోటీన్) 9.2 మి.గ్రా./డెసిలీటర్.
ప్రొకాల్సిటోనిన్ 0.18 నానోగ్రాములు/మి.లీ.
ఎల్‌డీహెచ్ (కణాలు దెబ్బతింటే వెలువడే ఎంజైము) 520 (ల్యాబ్ ఇచ్చిన నార్మల్ 230–460). కింద "శాంపిల్ కొద్దిగా హీమోలైజ్ అయింది" (ఎర్రకణాలు పగిలాయి) అని రాశారు.
డి-డైమర్ (రక్తపు గడ్డ కరిగినప్పుడు మిగిలే ముక్క) 480 నానోగ్రాములు/మి.లీ. (నార్మల్ 250 లోపు).
ఫెరిటిన్ (ఇనుమును నిల్వచేసే ప్రోటీన్, వాపులోనూ పెరుగుతుంది) 640. బ్లడ్ యూరియా 40 మి.గ్రా./డెసిలీటర్, క్రియాటినిన్ 1.1.

నా సందేహాలు మూడు. ఈ అంకెలను బట్టి ఇది వైరల్ అని తేల్చి యాంటీబయాటిక్ ఆపేయవచ్చా? రాబోయే రోజుల్లో ముదురుతుందా లేదా అన్నది వీటిలో ఏది సరిగ్గా చెబుతుంది? వేటిని రోజూ చేయించాలి, వేటిని వదిలేయొచ్చు?

ఛాతీవైద్యం:

ముందు ఒక విషయం స్పష్టం చేసుకుందాం. మీరు చేయించిన వాటిలో ఏ పరీక్షా వైరస్‌ను చూడదు, ఒంటి స్పందనను మాత్రమే చూస్తుంది. ఇన్‌ఫ్లుయెంజానా (ఫ్లూ), ఆర్ఎస్‌వీనా (శ్వాసకోశ వైరస్ ఒకటి), కోవిడా, అడినోవైరసా అన్నది తేల్చేది స్వాబ్ మీద చేసే పీసీఆర్. యాంటిజెన్ నెగెటివ్ వచ్చిందంటే ఇంకా ఏమీ తేలలేదనే అర్థం. ఇవాళే ముక్కు లోపలి భాగం నుంచి స్వాబ్ తీసి ఫ్లూ ఏ, ఫ్లూ బీ, ఆర్ఎస్‌వీ, కోవిడ్ నాలుగింటికీ కలిపి పీసీఆర్ పంపండి. అదీ నెగెటివ్ వచ్చి, అనుమానం బలంగానే ఉంటే కఫం పంపండి. జబ్బు ఊపిరితిత్తుల్లోకి దిగాక ముక్కులో వైరస్ దొరక్కపోవచ్చు, కింద దొరుకుతుంది. ఐజీఎం, ఐజీజీ యాంటీబాడీల మీద డబ్బు పెట్టకండి. 2 నుంచి 4 వారాల తేడాతో రెండు శాంపిళ్లు తీసి నాలుగు రెట్లు పెరిగిందని చూపితేనే వాటికి విలువ, ఇవాళ్టి నిర్ణయానికి అవి అందవు. రక్తంలోనే వైరస్‌ను వెతకాల్సింది ప్రధానంగా రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారిలో. అవయవమార్పిడి జరిగినవారికి సైటోమెగలోవైరస్, అడినోవైరస్ పీసీఆర్ రక్తంలో చేస్తాం.

ఇక ప్రొకాల్సిటోనిన్. బ్యాక్టీరియా ఒంట్లో ఉన్నప్పుడు వెలువడే ఇంటర్‌ల్యూకిన్-1, టీఎన్ఎఫ్ వంటి సంకేత ప్రోటీన్లు చాలా కణజాలాల చేత దాన్ని తయారు చేయిస్తాయి. వైరస్ వచ్చినప్పుడు పెరిగే గామా ఇంటర్‌ఫెరాన్ దాన్ని అణిచిపెడుతుంది. అందుకే 0.1 కన్నా తక్కువైతే బ్యాక్టీరియా దాదాపు లేనట్టు, 0.1–0.25 మధ్య ఉండే అవకాశం తక్కువ, 0.25–0.5 మధ్య ఉండొచ్చు, 0.5 దాటితే బాగా అనుమానించాలి అని చదువుతాం. మీ రోగి 0.18 రెండో మెట్టులో ఉంది. వైరల్ వైపే మొగ్గుతోంది, కానీ రుజువు కాదు. మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియాలో ఇది పెరగకపోవచ్చు. జబ్బు మొదలైన తొలి గంటల్లో తీస్తే ఇంకా లేచి ఉండదు. చీము ఒకచోట గూడుకట్టుకున్నా తక్కువగానే కనిపించవచ్చు. మరోవైపు కిడ్నీలు దెబ్బతిన్నా, షాక్‌లో ఉన్నా, పెద్ద ఆపరేషన్ లేదా గాయం తర్వాతా బ్యాక్టీరియా లేకుండానే పెరుగుతుంది.

లెక్క వేస్తే సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. ఒక పరీక్ష బ్యాక్టీరియా ఉన్నవారిలో 55 శాతాన్ని పట్టుకుంటుంది, లేనివారిలో 76 శాతానికి సరిగ్గా "లేదు" అంటుంది అనుకుందాం. న్యుమోనియా ఉన్న 100 మందిలో 20 మందికి బ్యాక్టీరియా ఉందనుకోండి. ఆ 20 మందిలో 11 మందిని పట్టుకుంటుంది, 9 మందిని వదిలేస్తుంది. మిగతా 80 మందిలో 19 మందికి లేనిది ఉందంటుంది. పాజిటివ్ వచ్చిన 30 మందిలో నిజం 11 మందిదే. నెగెటివ్ వచ్చిన 70 మందిలో 9 మందికి మందు అందలేదు. ఈ 9 మంది వల్లే అమెరికన్ థొరాసిక్ సొసైటీ, ఇన్ఫెక్షస్ డిసీజెస్ సొసైటీ 2019 మార్గదర్శకాలు ఎక్స్‌రేలో న్యుమోనియా కనిపించినప్పుడు మొదటి ప్రొకాల్సిటోనిన్ ఎంతున్నా యాంటీబయాటిక్ మొదలుపెట్టమన్నాయి. కాబట్టి ఇవాళ మొదలుపెట్టండి, 48–72 గంటల దగ్గర ఆపడానికి ప్రొకాల్సిటోనిన్‌ను వాడుకోండి. ఈ పరీక్ష బలం ఆపడంలో ఉంది, ఆరంభించకుండా ఉండటంలో లేదు.

సీఆర్‌పీ దగ్గర జాగ్రత్త. మీ ల్యాబ్ డెసిలీటర్‌లో ఇచ్చింది. అది లీటరుకు 92 మి.గ్రా. మార్గదర్శకాల్లో కనిపించే కొలమానాలన్నీ దాదాపు లీటరు లెక్కలే. "9.2, పర్వాలేదు" అని కేస్ షీట్‌లో ఎవరైనా రాస్తే మొత్తం అంచనా తలకిందులవుతుంది. వాపు మొదలైన 6–8 గంటల్లో ఇది లేస్తుంది, 36–50 గంటలకు శిఖరానికి చేరుతుంది, కారణం తగ్గాక సుమారు 19 గంటలకు సగం అవుతుంది. తీవ్రమైన ఫ్లూలోనూ, కోవిడ్‌లోనూ 100 దాటుతుంది కాబట్టి వైరసా, బ్యాక్టీరియానా అన్న ప్రశ్నకు ఇది ఒంటరిగా జవాబు చెప్పలేదు. ముదురుతోందా, తగ్గుతోందా అన్నదానికి మాత్రం దీనికన్నా చవకైన, నమ్మకమైన పరీక్ష నా దృష్టిలో లేదు. న్యుమోనియాలో నాలుగో రోజుకు సగమైనా తగ్గకపోతే అది చెడ్డ సూచన. చీము పట్టిందా, మందు సరిపోవడం లేదా, వేరే జబ్బు ఉందా అని మళ్లీ మొదటినుంచి వెతకాలి.

లింఫోసైట్లను శాతంలో చదవకండి. 6,200లో 9 శాతం అంటే 558. వెయ్యి లోపు తక్కువే, 800 లోపు మరింత ఆందోళన. న్యూట్రోఫిల్, లింఫోసైట్ నిష్పత్తి 9.6 వస్తుంది. కానీ రెండింటినీ ఇవాళ పక్కన పెట్టాల్సిందే, ఎందుకంటే డెక్సామెథసోన్ పడింది. స్టెరాయిడ్ కొద్ది గంటల్లోనే రక్తనాళాల గోడలకు అంటుకుని ఉన్న న్యూట్రోఫిల్స్‌ను ప్రవాహంలోకి తెస్తుంది, లింఫోసైట్లను, ఇసినోఫిల్స్‌ను తగ్గిస్తుంది. మీ రిపోర్టులో కనిపిస్తున్నది అచ్చం అదే. ఇంజెక్షన్‌కు ముందు తీసిన కౌంట్ ఏదైనా ఉంటే దాన్నే పట్టుకోండి.

ఆ ఇంజెక్షన్ కొనసాగించకండి. కోవిడ్‌లో డెక్సామెథసోన్ (బ్రిటన్‌లో జరిగిన రికవరీ అనే ట్రయల్‌లో రోజుకు 6 మి.గ్రా., గరిష్ఠంగా 10 రోజులు) మేలు చేసింది ఆక్సిజన్ అవసరమైనవారికే. అవసరం లేనివారికి మేలు కనిపించలేదు. ఫ్లూ అయితే స్టెరాయిడ్ వద్దనే పైన చెప్పిన మార్గదర్శకాలు సూచిస్తున్నాయి.

సీరంబెంచ్:

ల్యాబ్ వైపు నుంచి నాలుగు మాటలు. ఈ రిపోర్టులో జబ్బు కన్నా కొలత ఎక్కువ మాట్లాడుతున్న చోట్లు ఉన్నాయి.

ఎల్‌డీహెచ్ 520 చూసి "250కి రెట్టింపు" అనుకునేవాళ్లు చాలామంది. మీ ల్యాబ్ నార్మల్ 230–460 అంటే వాళ్లు పైరువేట్ నుంచి లాక్టేట్ వైపు నడిచే పద్ధతి వాడుతున్నారు. లాక్టేట్ నుంచి పైరువేట్ పద్ధతిలో నార్మల్ సుమారు 250 లోపు ఉంటుంది. రెండు ల్యాబుల అంకెలు నేరుగా పోల్చకూడదు, ఎగువ హద్దుకు ఎన్ని రెట్లో చూడాలి. మీది 1.13 రెట్లు, అంతే. పైగా శాంపిల్ హీమోలైజ్ అయింది. ఎర్రకణాల్లో ఎల్‌డీహెచ్ ప్లాస్మాలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ, కొద్దిగా పగిలినా అంకె పైకి పోతుంది. పొటాషియం, ఏఎస్‌టీ కూడా దాంతోపాటే పెరుగుతాయి. ఈ ఎల్‌డీహెచ్‌ను కొట్టేసి మళ్లీ తీయండి. సన్న సూదితో సిరంజిలోకి గట్టిగా లాగడం, ఆ రక్తాన్ని సూదితోనే ట్యూబు మూతలోంచి ఒత్తిడితో నెట్టడం, స్పిరిట్ ఆరకముందే గుచ్చడం, ట్యూబును ఊపేయడం: హీమోలిసిస్‌కు మామూలు కారణాలు ఇవే. విడదీసిన సీరంను ఫ్రిజ్‌లో పెట్టకండి. ఎల్‌డీహెచ్‌లో నాలుగో, ఐదో రకాలు చలికి చెడిపోతాయి, అప్పుడు అంకె తప్పుగా తగ్గుతుంది.

డి-డైమర్‌కు రెండు యూనిట్లు ఉన్నాయి. ఒకటి ఫైబ్రినోజెన్ సమానం, రెండోది డి-డైమర్ యూనిట్. మొదటిది రెండోదానికి సుమారు రెట్టింపు. నార్మల్ 250 లోపు అని ఉందంటే మీది రెండో రకం, 480 అంటే ఫైబ్రినోజెన్ సమానంలో దాదాపు 960. వూహాన్ రోగుల మీద 2020లో లాన్సెట్‌లో వచ్చిన అధ్యయనం చెప్పిన "మి.లీ.కు ఒక మైక్రోగ్రాము దాటితే ప్రమాదం" అన్న హద్దుతో పోల్చాలంటే ఈ మార్పు చేశాకే పోల్చాలి. యాభై దాటినవారిలో ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డ లేదని తేల్చడానికి వయసును 10తో గుణించి హద్దుగా తీసుకుంటారు, ఈయనకు 580. అదీ ఫైబ్రినోజెన్ సమానం లెక్కే.

దీనికి నీలం మూత ట్యూబు, 3.2 శాతం సిట్రేట్. తొమ్మిది పాళ్ల రక్తానికి ఒక పాలు సిట్రేట్ ఉండాలి, గీత వరకు నింపకపోతే పలచబడి అంకె తప్పుతుంది. సీతాకోకచిలుక సూదితో తీస్తుంటే గొట్టంలోని గాలి మొదటి ట్యూబును సగం చేస్తుంది. అందుకని ఒక వృథా ట్యూబు ముందు పెట్టి తర్వాత నీలం నింపండి. వరస ఇది: బ్లడ్ కల్చర్, నీలం, ఎరుపు లేదా పసుపు, ఆకుపచ్చ, లావెండర్, బూడిద రంగు. లావెండర్ ముందు తీసి ఆ రక్తం సీరం ట్యూబులోకి ఏ మాత్రం కలిసినా, అందులో రక్తం గడ్డకట్టకుండా వేసే ఈడీటీఏలోని పొటాషియం రిపోర్టులో కనిపిస్తుంది, కాల్షియం పడిపోతుంది. నీలం ట్యూబును 3–4 సార్లు, లావెండర్‌ను 8–10 సార్లు మెల్లగా తిప్పండి. లేకపోతే ప్లేట్‌లెట్లు గడ్డకట్టి తక్కువగా కనిపిస్తాయి. ప్లేట్‌లెట్లు ఉన్నట్టుండి పడిపోతే, ట్రీట్‌మెంట్ మార్చకముందు స్మియర్ (గాజుపలక మీద పూసిన రక్తం) చూడమనండి. ఈడీటీఏ వల్ల గుంపులు కట్టాయని తేలితే సిట్రేట్ ట్యూబులో మళ్లీ లెక్కించి 1.1తో గుణిస్తాం.

యూరియా గురించి ఒక హెచ్చరిక. మీకు ఇచ్చింది బ్లడ్ యూరియా, యూరియా నైట్రోజన్ కాదు. రెంటికీ 2.14 రెట్ల తేడా. కర్బ్-65లో (వయసు, శ్వాస, బీపీ, స్పృహ, యూరియాలతో న్యుమోనియా తీవ్రతను లెక్కించే స్కోరు) ఒక పాయింట్ పడాలంటే యూరియా లీటరుకు 7 మిల్లీమోల్స్ దాటాలి, అంటే బ్లడ్ యూరియా 42 పైన లేదా యూరియా నైట్రోజన్ సుమారు 20 పైన. మీ 40 అంటే 6.7 మిల్లీమోల్స్, పాయింట్ రాదు. దాన్ని నైట్రోజన్ అనుకుంటే 14.3 అవుతుంది.

ఇంకొకటి, రోగి జుట్టు కోసమో గోళ్ల కోసమో బయోటిన్ మాత్రలు వాడుతున్నారేమో అడగండి. 5 మి.గ్రా. వంటి పెద్ద మోతాదులు బయోటిన్, స్ట్రెప్టావిడిన్ మీద నడిచే కిట్లలో ప్రొకాల్సిటోనిన్, ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే పెరిగేది), ఫెరిటిన్‌లను తప్పుగా తగ్గించి చూపగలవు. ప్రొకాల్సిటోనిన్ కార్డు టెస్టు అయితే 0.5 కింద ఎంతుందో అది చెప్పదు, కాబట్టి 0.1, 0.25 హద్దులు వాడాలంటే యంత్రం మీద చేసిన అంకె కావాలి.

పిల్లలవార్డు:

ఈ హద్దులను చూసి ఎవరూ పిల్లలకు అన్వయించకూడదని రాస్తున్నాను. చిన్నపిల్లల్లో లింఫోసైట్లు సహజంగానే ఎక్కువ, పెద్దల "వెయ్యి" లెక్క వారికి చెల్లదు, వయసు పట్టిక చూడాలి. పుట్టిన తొలి రెండు రోజుల్లో ప్రొకాల్సిటోనిన్ దానంతటదే పెరుగుతుంది. అడినోవైరస్ పిల్లల్లో పెద్ద మాయ చేస్తుంది: సీఆర్‌పీ, తెల్లకణాలు, ప్రొకాల్సిటోనిన్ మూడూ పెరిగి అచ్చం బ్యాక్టీరియాలా కనిపిస్తుంది. బాగా తింటూ, డొక్కలు ఎగరకుండా, శాచురేషన్ బాగున్న పిల్లవాడికి ఇంటి దగ్గర వైద్యం సరిపోతుందనుకుంటే రక్తం తీయాల్సిన పనే లేదు.

వార్డ్‌డ్యూటీ:

ముగ్గురికీ కృతజ్ఞతలు. ల్యాబ్‌తో మాట్లాడాను, డి-డైమర్ మీరన్న రెండో రకమే. మళ్లీ తీసిన శాంపిల్‌లో ఎల్‌డీహెచ్ 410, నార్మలే. పీసీఆర్ వచ్చింది: ఇన్‌ఫ్లుయెంజా ఏ పాజిటివ్, కోవిడ్ నెగెటివ్. ఇవాళ ఏడో రోజు. సీఆర్‌పీ లీటరుకు 110, ప్రొకాల్సిటోనిన్ 0.16. శాచురేషన్ 91కి దిగితే ముక్కు గొట్టంతో 2 లీటర్లు పెట్టాం, ఇప్పుడు 95. ఫ్లూ మందు ఒసెల్టామివిర్ నిన్ననే మొదలుపెట్టాం. రక్తపరీక్షలు దాదాపు అలాగే ఉన్నాయి, మనిషి పరిస్థితి మాత్రం దిగజారింది. కర్బ్-65 వేస్తే సున్నా వస్తోంది. ఏ స్కోరు నమ్మాలి?

ఐసీయూరాత్రి:

ఆక్సిజన్‌ను నమ్మండి. కర్బ్-65లో శాచురేషన్ లేదు. అందుకే రెండు ఊపిరితిత్తులూ పట్టిన వైరల్ న్యుమోనియాలో, ముఖ్యంగా 65 లోపువారిలో, అది తక్కువ అంచనా వేస్తుంది. మీ రోగిదే ఉదాహరణ. సున్నా ఉందని వార్డులో వెనక మంచానికి పంపకండి.

కోవిడ్ తేలి ఉంటే, కోవిడ్‌లో మరణ ప్రమాదాన్ని అంచనా వేసే ఫోర్‌సీ స్కోరు వేసేవాళ్లం. దాని సంగతి కూడా చెబుతాను, యూనిట్ తప్పు ఎంత నష్టం చేస్తుందో అందులో కనిపిస్తుంది. మొదటి రోజు అంకెలతో వయసుకు 2, పురుషుడు 1, షుగర్ 1, శ్వాస 24కి 1, శాచురేషన్ 93కి సున్నా, స్పృహకు సున్నా, యూరియా 6.7కి సున్నా, సీఆర్‌పీ 92కి 1. మొత్తం 6, అంటే మధ్యస్థ వర్గం. అదే బ్లడ్ యూరియా 40ని నైట్రోజన్‌గా నమోదు చేస్తే 14 దాటి 3 పాయింట్లు పడతాయి, మొత్తం 9, నేరుగా అధిక ప్రమాద వర్గం. ఆ స్కోరు కట్టిన 2020 నాటి రోగుల్లో మధ్యస్థ వర్గంలో మరణాలు 10 శాతం దగ్గర, అధిక వర్గంలో 31 శాతం దగ్గర. ఒక యూనిట్ పొరపాటు రోగిని ఒక వర్గం నుంచి ఇంకో వర్గంలోకి తోసేస్తుంది. టీకాలకు ముందు నాటి శాతాలు కాబట్టి ఇవాళ వాటిని యథాతథంగా కుటుంబానికి చెప్పకూడదు. ఫ్లూకి ఆ స్కోరు అసలు వాడకండి.

ఇప్పుడు యాంటీబయాటిక్. ఫ్లూ తేలింది, ప్రొకాల్సిటోనిన్ రెండుసార్లూ 0.25 లోపే. కల్చర్లు 48 గంటలకు నెగెటివ్ వచ్చి, ఆక్సిజన్ అవసరం పెరగకుండా ఉంటే 48–72 గంటల మధ్య ఆపేయండి. ఇవాళ ఆపకండి. మనిషి ఇంకా నిలకడకు రాలేదు, ఫ్లూ మీద స్టాఫైలోకాకస్, న్యుమోకాకస్ పడే కాలం ఇదే. ఒసెల్టామివిర్ 75 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, 5 రోజులు. లక్షణాలు మొదలై 48 గంటలు దాటాయని ఆసుపత్రిలో చేరినవారికి మానేయకూడదు. క్రియాటినిన్ పెరిగితే మోతాదు తగ్గించాలి.

ఏది ఎప్పుడు తీయాలి అని అడిగారు. సీబీసీ, సీఆర్‌పీ, క్రియాటినిన్, పొటాషియం: ఆక్సిజన్ మీద ఉన్నంతకాలం రోజు విడిచి రోజు, పరిస్థితి దిగజారితే అదే పూట. షుగర్ మాత్రం స్టెరాయిడ్ పడింది కాబట్టి ఒకటి రెండు రోజులు వేలిపోటుతో తరచూ చూడండి. ప్రొకాల్సిటోనిన్ రేపు ఒకసారి, ఆపాక మళ్లీ జ్వరం వస్తే ఒకసారి. తక్కువగా ఉన్నది ఉన్నట్టుండి 0.5 దాటితే కల్చర్, ఎక్స్‌రే వెంటనే. అప్పటికి కిడ్నీ దెబ్బతిని ఉంటే, పెరుగుదలకు కారణం అదేనేమో ఆలోచించండి. సీకే (కండరాలు దెబ్బతింటే పెరిగే ఎంజైము) ఒకసారి తప్పకుండా చేయించండి, ఫ్లూలో కండరాలు కరగడం ఉంది. కండరాల నొప్పి ఎక్కువగా ఉండి మూత్రం ముదురు రంగులో వస్తే మళ్లీ చేయించాలి. ఛాతీ నొప్పి, ఈసీజీ మార్పు, గుండె వేగం ఉంటే ట్రోపోనిన్, లేకపోతే వద్దు.

డి-డైమర్‌ను రోజూ తీయడం నాకు సమ్మతం కాదు. న్యుమోనియా ఒక్కటే దాన్ని పెంచుతుంది. అంకె పెరిగిందని రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్‌ను పూర్తి మోతాదులో మొదలుపెట్టకూడదు. నివారణ మోతాదు మాత్రం, రక్తస్రావ భయం లేకపోతే, పడకమీద ఉన్నవారికి ఎలాగూ ఇస్తాం. ఎక్స్‌రే మారకుండా ఆక్సిజన్ ఒక్కసారిగా పడితే, లేదా ఒక కాలు వాస్తే, అప్పుడు డి-డైమర్ కోసం ఆగకుండా సీటీ యాంజియో చేయించండి. ఫెరిటిన్ 640ని వదిలేయండి. షుగర్ ఉన్నవారిలో కాలేయంలో కొవ్వు ఉంటేనే అంత ఉండొచ్చు. కణాల సంఖ్యలు పడిపోతూ, ప్లీహం పెరిగి, ఫెరిటిన్ వేలల్లోకి పోతే అది వేరే జబ్బు వైపు దారి.

ఛాతీవైద్యం:

వాపు సంకేత ప్రోటీన్ అయిన ఇంటర్‌ల్యూకిన్-6 గురించి ఒక్క మాట. కోవిడ్‌లో దాని గ్రాహకాన్ని అడ్డుకునే టోసిలిజుమాబ్ ఆలోచించేటప్పుడు రికవరీ ట్రయల్ వాడిన హద్దు సీఆర్‌పీ 75, ఆక్సిజన్ లోటుతో కలిపి. ఇంటర్‌ల్యూకిన్-6 కొలత దానికి అక్కర్లేదు. ఆ మందు పడ్డాక ఇంటర్‌ల్యూకిన్-6, సీఆర్‌పీ రెండు అంకెలూ మోసం చేస్తాయి. గ్రాహకం మూసుకుపోవడంతో రక్తంలో ఇంటర్‌ల్యూకిన్-6 పెరిగి కనిపిస్తుంది, సీఆర్‌పీ వారాలపాటు అణగి ఉంటుంది. అలాంటి రోగికి కొత్త ఇన్‌ఫెక్షన్ వచ్చినా సీఆర్‌పీ లేవదు. కేస్ షీట్ మొదటి పేజీలో మందు తేదీ ఎర్ర సిరాతో రాయండి, తర్వాతి డ్యూటీ వాళ్లు సీఆర్‌పీ 4 చూసి నిశ్చింతగా ఉండిపోకుండా.

ట్రెయిల్, ఐపీ-10 (ఇన్‌ఫెక్షన్‌కు ఒళ్లు స్పందించినప్పుడు మారే ప్రోటీన్లు), సీఆర్‌పీ మూడింటినీ కలిపి చూసే కొత్త కిట్లు అందుబాటులో ఉన్నవారికి: ట్రెయిల్ వైరస్‌లో పెరుగుతుంది, బ్యాక్టీరియాలో తగ్గుతుంది, కాబట్టి రెండు దిక్కులా సమాచారం ఇస్తుంది. ఆ మూడింటి స్కోరు 35 లోపైతే వైరల్ వైపు, 65 దాటితే బ్యాక్టీరియా లేదా రెండూ కలిసిన వైపు. మధ్యలో పడితే తేలనట్టే, మళ్లీ రోగి దగ్గరికే రావాలి.

వార్డ్‌డ్యూటీ గారూ, ఇవాళ రాత్రికి ఒక గీత గీసి పెట్టుకోండి. శ్వాస 30 దాటినా, 95 నిలబెట్టడానికి ఆక్సిజన్ 5 లీటర్లకు చేరినా, ఏబీజీ (ధమని రక్తంలో వాయువుల పరీక్ష), లాక్టేట్ తీసి ఐసీయూకి ఫోన్ చేయండి. లాక్టేట్ శాంపిల్ బూడిద రంగు ట్యూబులో, టూర్నికే ఎక్కువసేపు కట్టకుండా, ఆలస్యం లేకుండా ల్యాబ్‌కు వెళ్లాలి. సీఆర్‌పీ రిపోర్టు కోసం ఆగకండి.